బీరప్ప అదిలింపు

గొంతు క్యాన్సర్ ఏ దశలో ఉందో సుధీంద్ర ఒక్కసారి చూసి చెప్పాడంటే ఇక తిరుగులేదని ఆస్పత్రిలో కుర్ర డాక్టర్లందరూ అనేవారు. వాళ్ళకంటే ముందు అతనే అనేవాడు లెండి.

ఆ రోజు బీరప్ప కేసు షీటు తెచ్చి వజీదా మేడమ్ ముందు పెట్టాడు. అతనికి పని నేర్పిన పెద్ద డాక్టరు ఆమె.

"మూడో దశ మేడమ్. ఎడమ స్వరతంత్రి కదలడం లేదు. స్వరపేటిక మొత్తం తీసెయ్యాలి."

మేడమ్ షీటంతా చదివారు. "అన్ని గడులూ నింపావు. ఇదొక్కటీ ఖాళీగా ఉందే?"

వృత్తి అన్న గడి అది.

"దానికీ జబ్బు దశకీ ఏం సంబంధం మేడమ్?"

ఆమె షీటు మూసేశారు. లేచి పరీక్ష గదిలోకి నడిచారు.

బీరప్ప ఒళ్ళో గొంగడి పెట్టుకుని కుర్చీ అంచున ముడుచుకుని ఉన్నాడు. ఇక జన్మలో మాట రాదని అతనికి అప్పటికే చెప్పేశారు పాపం. సుధీంద్ర సన్నటి కెమెరా గొట్టాన్ని ముక్కులోంచి దించి, "ఈ... అను" అన్నాడు. బీరప్ప భయంతో ఊపిరి బిగబట్టి, వినీ వినపడనట్టు మూలిగాడు. తెరమీద ఎడమ తంత్రి ఉలకలేదు.

"చూశారా మేడమ్!"

మేడమ్ బీరప్ప భుజమ్మీద చెయ్యి వేశారు. "ఏం పని చేస్తావు నాయనా?"

"గొర్రెలు మేపుతానమ్మా," అన్నాడు బొంగురుగా.

"అవి ఎవరి శనగచేలోనో పడబోతున్నాయి. ఎట్లా అదిలిస్తావు? ఏదీ!"

బీరప్ప సిగ్గుపడ్డాడు. ఆ తర్వాత ముక్కులో గొట్టం ఉన్న సంగతే మరిచిపోయి, "హోయ్... హో హో హోయ్!" అన్నాడు. బొంగురు గొంతే, అయినా వరండాలో జనం ఉలిక్కిపడి లేచి నిలబడ్డారు.

తెరమీద ఎడమ తంత్రి కదిలింది. బద్ధకంగానే, కానీ కదిలింది! సుధీంద్ర చెవులు ఎర్రబడ్డాయి.

పరీక్షకి గొంతులోంచి ముక్క తీసినప్పుడు వచ్చిన వాపు తగ్గాక మళ్ళీ స్కాన్ తీయించారు. రెండో దశే! కత్తి పెట్టే పని లేకుండా రేడియేషన్‌తోనే నయం చేసి పంపారు.

రెండేళ్ళ తర్వాత ఒక మధ్యాహ్నం సుధీంద్ర ఫోన్ మోగింది.

"సారూ, బీరప్పని. ఇను!"

ఖంగుమని అదిలింపు. ఆ వెనకే మెడగంటల చప్పుడు, మంద మందంతా అరుపు. సుధీంద్ర సంతోషం పట్టలేక స్పీకరు పెట్టి అందరికీ వినిపించాడు. ఓపీలో రోగులు కూడా నవ్వేశారు.

"బాగుంది. తర్వాతివాళ్ళని పిలువు," అన్నారు మేడమ్.

ఒక ముసలామె వచ్చి కూర్చుంది. సుధీంద్ర గొట్టం పక్కన పెట్టి పెన్ను తీశాడు.

"పెద్దమ్మా, మీరేం పని చేస్తారు?"