అత్త వేలు, కోడలి రెంచి

పిల్లలూ, ఈ కథ మీరు ఇంతవరకూ వినలేదు. అమ్మమ్మ పక్కలో పడుకునే వీలుంటే ఎప్పుడో వినేవాళ్ళు. మనం ఇంత దూరాన ఉన్నాం కాబట్టి, ఆవిడ చెప్పినట్టే, ఆవిడ ఆగిన చోటల్లా ఆగుతూ చెప్తాను. దుప్పటి కప్పుకోండి. కాళ్ళు బయట పెట్టకండి.

అనగనగా ఒక ఊళ్ళో, ఊరికి కాస్త ఎడంగా, కుమ్మరిమిట్ట అని ఒక వాడ ఉండేది. అక్కడ ముప్పై ఇళ్ళు. ముప్పై ఇళ్ళకీ కలిపి ఒక్కటే బోరింగు.

బోరింగంటే మీకు తెలీదు కదూ. మన కుళాయిలా ఊరికే తిప్పితే నీళ్ళు రావు. దానికి పొడుగాటి ఇనప చెయ్యి ఉంటుంది. దాన్ని పైకీ కిందికీ కొట్టాలి. అప్పుడు భూమి అడుగు నుంచి, ఒకదానికొకటి బిగించిన పైపుల్లోంచి, నీళ్ళు ఎక్కి వస్తాయి.

ఆ బోరింగు చెడిపోతే బాగుచేసేది ఆదెమ్మ. చీర కొంగు నడుముకి చుట్టి, గోనె సంచి భుజాన వేసుకుని వచ్చేది. ఆ సంచిలో పానాలు, సుత్తి, రెండు పైపు రెంచీలు ఉండేవి. రెంచి అంటే ఇనప మొసలి అనుకోండి. నోరు తెరిచి పైపుని కరుచుకుంటుంది. పట్టుకుంటే వదలకూడదు.

ఆదెమ్మ అత్త పేరు నాంచారమ్మ. ఆవిడ కుండలు తట్టి, కాల్చి, అమ్మేది. ఆవిడకి ఒక అలవాటు ఉంది. దేన్నైనా వేలు మడిచి కొట్టి చూసేది. కుండని కొట్టేది. గుమ్మడికాయని కొట్టేది. కొత్త తలుపుని కొట్టేది. పెళ్ళిచూపులప్పుడు ఆదెమ్మ నెత్తి మీద కూడా కొట్టి చూసిందని వాడలో చెప్పుకునేవాళ్ళు.

"అవును, కొట్టాను. ఖంగుమంది, తెచ్చుకున్నాను" అనేది నాంచారమ్మ.

"పగిలి ఉంటే ఏం చేసేదానివి, అత్తా?" అనేది ఆదెమ్మ.

"సంతలో పెట్టి అమ్మేసేదాన్ని."

అలా ఉండేవాళ్ళు ఆ అత్తా కోడళ్ళు.

ఆ తర్వాత ఏమైంది, ఒక ఎండాకాలం బోరింగు నీళ్ళు ఇవ్వడం మానేసింది. ఎంత కొట్టినా చెయ్యి వదులుగా ఊగుతుంది గానీ చుక్క రాదు. ఆదెమ్మకి సంగతి తెలిసింది. అడుగున తోలు వాషర్లు అరిగిపోయాయి. వాటిని మార్చాలంటే ఎనిమిది పైపులూ పైకి లాగాలి.

ఎలా లాగుతారో చెప్తాను, జాగ్రత్తగా వినండి, కథంతా ఇక్కడే ఉంది. ఒక పైపు పైకి రాగానే, దాని కింది పైపుని ఒక రెంచితో పట్టి, ఆ రెంచిని బోరు నోటి మీద అడ్డంగా ఆనిస్తారు. అప్పుడు కింద ఉన్న బరువంతా ఆ పట్టే రెంచి మీదే వేలాడుతుంది. రెండో రెంచితో పై పైపుని తిప్పి ఊడదీస్తారు. పట్టే రెంచి జారిందా, పైపులన్నీ పాతాళానికి పోతాయి. మళ్ళీ రావు. ఆ బోరు ఇంక బోరు కాదు, ఒక కన్నం.

ఆదెమ్మ సంచిలో తిప్పే రెంచి బాగానే ఉంది. పట్టే రెంచి పళ్ళు మాత్రం పద్నాలుగేళ్ళకి అరిగి నున్నగా అయిపోయాయి. పక్క ఊరి మెకానిక్కుని అడిగితే, అతనిది ఇంకా నున్నగా ఉంది. కొత్తది కొనాల్సిందే. ఆదెమ్మ దగ్గర ఖరీదైన రెంచికి సరిపడా డబ్బు లేదు. చవకలో మంచిది వెతుక్కోవాలి.

అప్పుడు అత్తా కోడళ్ళు సంతకి వెళ్ళారు. సంతలో గోనెపట్టా మీద రెంచీలు కుప్పగా పోసి ఉన్నాయి. అన్నీ ఎర్రెర్రగా, దానిమ్మ గింజల్లా మెరుస్తున్నాయి.

"పక్కకి జరుగు, అమ్మాయ్. ఇది నా పని" అని నాంచారమ్మ కూర్చుంది. వేలు మడిచి ఒక్కొక్కదాన్నీ కొట్టింది. ఒకటి టప్పుమంది. ఒకటి ధబ్బుమంది. ఒకటి ఖంగుమని గుడిగంటలా మోగింది.

"ఇదే. బాగా కాలింది" అంది నాంచారమ్మ. అత్త వేలు ఎప్పుడూ తప్పు చెప్పలేదు కదా అనుకుంది ఆదెమ్మ. కొన్నారు, వచ్చేశారు.

ఆ తర్వాత బోరు దగ్గరికి వాడంతా వచ్చింది. ఆదెమ్మకి ముందు జాగ్రత్త ఎక్కువ. మూడు పేటల మోకు, అంటే లావుపాటి తాడు, ఒకటి తెచ్చి, పైపుల మెడకి కట్టి, నలుగురు ఆడవాళ్ళ చేతికి ఇచ్చింది. నాంచారమ్మ నాలుగో మనిషి. మొదటి పైపు వచ్చింది. కొత్త రెంచి పట్టుకుంది. రెండో పైపు వచ్చింది. కొత్త రెంచి ఖంగుమని, రెండు ముక్కలైంది.

బాగా మోగింది నిజమే. కానీ లోపల బెల్లం పాకం ముదిరినట్టు ముదిరిపోయిన ఇనుము అది. మోగుతుంది, కానీ బరువు పడితే పుటుక్కుమంటుంది.

పైపులు సర్రున జారాయి. మోకు పట్టుకున్న వాళ్ళలో ముగ్గురి చేతులు రాపిడి వేడికి విడిపోయాయి. నాంచారమ్మ మాత్రం వదల్లేదు. రెండు అరచేతులూ తోలు లేచిపోయినా వదల్లేదు. ఆదెమ్మ ఒక్క దూకు దూకి మోకు కొస అందుకుని, పక్కనున్న తుమ్మ మొద్దుకి బిగించి కట్టేసింది.

పైపులు నిలిచాయి. కానీ ఇప్పుడు అంత బరువూ ఒక్క మోకు మీద వేలాడుతోంది. బోరు ఇనప అంచుకి మోకు రాసుకుంటోంది. ఆదెమ్మ అక్కడ గోనె ముక్క పెట్టింది. ఇంకో తాడు కట్టొచ్చు కదా అంటారేమో. కట్టింది. కానీ అది దూడని కట్టేసే తాడు, అదీ మోకుకే ముడేసింది. అంత బరువు ఆపే తాడు వాడలో ఇంకొకటి లేదు.

ఆ రోజు నుంచి నాంచారమ్మ మాట్లాడ్డం మానేసింది. చేతులకి కొబ్బరినూనె రాసుకుని మూల కూర్చుంది. కుండ ముందు పెట్టినా వేలు మడవలేదు.

అప్పుడు ఆదెమ్మ ఫోను తీసింది. ఫోనులో రెంచీల బొమ్మలు బారులు తీరి ఉన్నాయి. ఒకదాని పక్కన నాలుగున్నర నక్షత్రాలు ఉన్నాయి. కొన్నవాళ్ళకి నచ్చితే అలా నక్షత్రాలు పెడతారట. వందలమంది పెట్టారు. ఇంతమంది అబద్ధం చెప్తారా అని ఆదెమ్మ దాన్ని తెప్పించింది.

మూడో రోజు పొద్దున పొట్లం వచ్చింది. ఆ పొద్దునే మోకులో ఒక పేట తెగి ఉంది.

రెంచి అందంగా ఉంది, వెండి గిన్నెలా ఉంది. ఈసారి ఆదెమ్మ దాన్ని బోరు దగ్గరికి తీసుకుపోలేదు. ఇంట్లో ఉన్న పైపు ముక్కకి తగిలించి, పిడి మీద కాలు పెట్టి నొక్కింది. దవడ అటూ ఇటూ ఊగింది. పళ్ళు పైపు మీద జర్రున జారాయి. నట్టు దానంతట అదే తిరిగిపోయింది.

"అంతమంది నక్షత్రాలు పెట్టారే" అంది ఆదెమ్మ, నీరసంగా.

మూలనుంచి నాంచారమ్మ మూడు రోజుల్లో మొదటిసారి నోరు విప్పింది. "పొట్లం విప్పగానే పెట్టి ఉంటారు. దాంతో పని చేశాక కాదు."

ఆ తర్వాత ఆవిడ లేచి వెళ్ళి తన పనిలో పడింది. కాల్చిన కొత్త కుండల్లో నీళ్ళు పోసి, ఒక్కొక్కదాన్నీ పొడి బూడిద మీద పెడుతోంది. ఆదెమ్మ చూస్తూ నిలబడింది. ఏళ్ళ తరబడి చూస్తున్నదే అది. రేపు పొద్దున బూడిద పొడిగా ఉంటే ఆ కుండ అమ్మకానికి. తడిస్తే పూలమొక్కకి. ఊరి చివరినుంచి మోసి తెచ్చిన నీళ్ళే అయినా, పరీక్ష మానదు ఆవిడ.

"అత్తా, నువ్వు వేలితో కొట్టాక మళ్ళీ నీళ్ళెందుకు పోస్తావు?"

"వేలికి పగులు తెలుస్తుందే. పట్టేదీ పట్టనిదీ నీళ్ళకే తెలుస్తుంది."

ఆ మాట అని నాంచారమ్మ తనే ఆగిపోయింది. ఆదెమ్మ ఇంట్లోకి వెళ్ళింది. పైపు ముక్క సంచిలో వేసుకుని టౌను బస్సెక్కింది.

టౌన్లో మస్తానయ్య ఇనప సామాన్ల కొట్టు ఉంది. మస్తానయ్య ముసలాయన, కళ్ళద్దాలు ముక్కు కొన మీద ఉంటాయి.

"బాబాయ్, పైపు రెంచి కావాలి. నా పైపు నేనే తెచ్చుకున్నా" అంది ఆదెమ్మ.

"చీరకి జాకెట్టు ముక్క తెచ్చినట్టు తెచ్చావే" అన్నాడు మస్తానయ్య. అయినా ఆ ముక్కని బల్లకి ఉన్న వైసు దవడల మధ్య బిగించి ఇచ్చాడు.

ఆదెమ్మ మూడు రకాలు దింపించింది. ఒకటి అద్దాల బీరువాలోది, ఖరీదైనది. ఒకటి మధ్య అరలోది. ఒకటి అట్టడుగున దుమ్ములో ఉన్నది, దాని రంగు కూడా సరిగ్గా అంటలేదు.

మొదట అద్దాల బీరువాలోది పైపుకి తగిలించి, పిడి పట్టుకుని తన బరువంతా వేసి వేలాడింది. అది కదల్లేదు. తర్వాత మధ్య అరలోదానికి వేలాడింది. పిడి ముసలివాళ్ళ నడుములా వంగింది. ఆ తర్వాత దుమ్ములోదానికి వేలాడింది. పట్టుకుంది. దింపి చూస్తే పైపు మీద పళ్ళ గుర్తు లోతుగా, వరసగా పడింది. మళ్ళీ వేలాడింది. మళ్ళీ పట్టుకుంది.

"అమ్మాయ్, దాన్ని కొంటావా, ఊయల కట్టుకుంటావా?" అన్నాడు మస్తానయ్య.

"ఇదే రకం ఇంకో రెండు చూపించు, బాబాయ్."

చూపించాడు. ఒకదాని నట్టు మధ్యలో బిగుసుకుపోయింది. ఇంకొకటి మూడోసారికి జారింది.

మస్తానయ్య కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు. "నిజం చెప్తున్నా. ఖరీదైనవి పది తీస్తే పదీ ఒకలా ఉంటాయి. ఎక్కువ కాలం కూడా వస్తాయి. చవకవాటిలో ఒక్కోటి ఒక్కో తీరు. పేరు చూసి తీసుకోకు. నువ్వు వేలాడిన దాన్నే పట్టుకుపో."

ఆదెమ్మకి అది కొత్త మాట కాదు. ఒకే ఆవంలో కాలిన కుండలు ఒకలా ఉండవని ఆమెకి తెలుసు.

పోతూ పోతూ ఒక సుత్తి కూడా అడిగింది. అన్నిటికన్నా చవకది, చూడకుండానే సంచిలో వేసుకుంది.

"దీనికి వేలాడవా?" అన్నాడు మస్తానయ్య.

"దీని పిడి విరిగితే నా పని ఆగుతుంది. రెంచి జారితే వాడకి నీళ్ళు ఆగుతాయి" అంది ఆదెమ్మ.

ఆదెమ్మ వచ్చేసరికి మోకులో రెండో పేట కూడా తెగింది. ఒక్క పేట మిగిలింది. అది దారంలా బిగుసుకుని సన్నగా వణుకుతోంది. దూడ తాడు అప్పుడే పీచులు లేచింది.

అందరూ చుట్టూ చేరారు. పక్క ఊళ్ళో అడిగి ఒక కొత్త మోకు కూడా తెచ్చారు. దాన్ని పైపుల మెడకి కట్టాలంటే పైపులని ఒక్క జానెడు పైకి లేపి పట్టుకోవాలి. నాంచారమ్మ మాత్రం దూరంగా నిలబడింది.

"రా అత్తా, తాడు పట్టు."

"నేను రాను. నా చెయ్యి మంచిది కాదు. నేను ఏరినదే కదా విరిగింది."

ఆదెమ్మ పని వదిలేసి ఆవిడ దగ్గరికి వెళ్ళింది. ఆ అరచేతులు తిప్పి చూసింది. ఇంకా ఎర్రగానే ఉన్నాయి. "ఆ రోజు అందరూ వదిలేశారు, అత్తా. వదలంది ఈ చేతులొక్కటే. నాకు రెంచి ఒకటి పట్టేది దొరికింది. నువ్వు రెండోది" అంది.

నాంచారమ్మ కొంగు అరచేతులకి చుట్టుకుని వచ్చి తాడు పట్టింది.

జానెడు లేపారు. దుమ్ములో దొరికిన రెంచి కరుచుకుంది. ఆదెమ్మ చెయ్యి తీసింది. పైపులు కదల్లేదు. మోకు మార్చారు. ఆ తర్వాత ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతూ మిగిలిన పైపులన్నీ లాగారు. వాషర్లు మార్చారు. మళ్ళీ ఒక్కొక్కటే దింపారు.

అప్పుడు ఆదెమ్మ బోరింగు చెయ్యి కొట్టింది. మొదట గాలి వచ్చింది. తర్వాత ఎర్రమట్టి నీళ్ళు వచ్చాయి. ఆ తర్వాత తేటనీళ్ళు, చల్లగా, ధారగా వచ్చాయి. మొదటి ధార కింద నాంచారమ్మ చేతులు పెట్టించారు. ఆవిడ చేతులు మండినా తీయలేదు.

ఆదెమ్మ రెంచిని తుడిచి అత్త ముందు పెట్టింది. "కొట్టి చూడు" అంది.

నాంచారమ్మ రెంచిని దగ్గరికి లాక్కుంది. తర్వాత వేలు మడిచి కొట్టింది. రెంచి టప్పుమంది, పచ్చి గుమ్మడికాయలా.

"ఛీ, దీనికి గొంతే లేదు" అంది నాంచారమ్మ. అని, అదే వేలితో కోడలి నెత్తి మీద మెల్లగా కొట్టింది. "ఇది మాత్రం ఇంకా ఖంగుమంటోంది."

అంతే, పిల్లలూ. ఇందులో నేను మర్చిపోయినవి ఉంటే, ఫోనులో అమ్మమ్మని అడిగి కలుపుకోండి. రేపు మీకు చెల్లెళ్ళో తమ్ముళ్ళో, తర్వాత మీ పిల్లలో పక్కలోకి చేరితే వాళ్ళకి చెప్పండి. బోరింగంటే ఏమిటో ముందు చెప్పండి, తర్వాత కథ చెప్పండి. మధ్యలో ఎవరి దగ్గరా ఆగిపోనివ్వకండి.

రెంచి చేరింది సంచికి,
కథ వెళ్ళింది కంచికి,
నీళ్ళు వచ్చాయి ఇంటికి,
నిద్ర రావాలి కంటికి.