ఏడో నిబంధన

అనగనగా, రాజు మాట కన్నా ప్రజల మాట పెద్దదని రాజే ఒప్పుకున్న రోజుల్లో, పెద్దేటిసీమ అనే దేశం ఉండేది.

ఆ దేశపు రాజు ముసలితనంలో ఇలా అనుకున్నాడు: "ఒక్క తల తప్పు చేస్తే దేశమంతా ఏడవాలి. నూరు తలలు కలిసి ఆలోచిస్తే ఆ ఏడుపు తగ్గుతుంది."

అనుకుని మహాసభను ఏర్పాటు చేశాడు. దేశంలో నూరు నాడులు, అంటే నూరు ప్రాంతాలు. నాడుకొక సభ్యుడు. ఆడా మగా అందరూ కుండలో గచ్చకాయ వేసి తమ సభ్యుణ్ణి ఎన్నుకునేవారు.

ఏ శాసనమైనా సభకు మూడుసార్లు రావాలి. మొదటిసారి వినడానికి, రెండోసారి వాదించడానికి, మూడోసారి చేతులెత్తడానికి. సగానికి మించి చేతులు లేస్తేనే అది శాసనం. అప్పుడు రాజు కూడా దానికి తల వంచవలసిందే.

ఏర్పాటు మంచిదే. నడిపేవాళ్లు కూడా మంచిగా నడపాలి కదా!

రేవునాడులో నాంచారి అనే ఆవిడ పుట్టి నడిపేది. వెదురుతో అల్లి, తోలు కప్పిన గుండ్రని పుట్టి అది. సంతకు వెళ్లేవాళ్లనూ, నొప్పులు పడే ఆడవాళ్లనూ, పెళ్లివారినీ ఇరవై ఏళ్లుగా ఏరు దాటిస్తోంది.

ఒకనాటి ఉదయం ఆమె రేవుకు వచ్చేసరికి నలుగురు మనుషులు ఒడ్డున గుంజలు పాతుతున్నారు.

"ఎవరయ్యా మీరు? మా రేవులో ఈ గుంజలేంటి?"

"ఇవాళ మీ రేవే. సభలో శాసనం అయ్యాక ఓడ వర్తకుల సంఘానిది. సంఘం ముద్ర లేని పుట్టి ఇక నీళ్లలో దిగకూడదు. నీ పుట్టి పొయ్యిలోకి పనికొస్తుందిలే, అవ్వా!" అని వాళ్లు నవ్వారు.

నాంచారి పుట్టిని ఒడ్డుకు లాగి కట్టేసింది. "మా భద్రయ్య సభలో ఉండగా అలాంటి శాసనం ఎలా వస్తుంది?" అనుకుని చద్దిమూట కట్టుకుని బయలుదేరింది.

భద్రయ్య రేవునాడు సభ్యుడు. ఒకప్పుడు బడిపంతులు. "మీ నోరు నేనే" అని ఆ నాడులోని పదకొండు ఊళ్లూ తిరిగి చెప్పినవాడు. ఆ ఊళ్లన్నింటికీ అతణ్ణి తిప్పింది నాంచారి పుట్టే.

మూడు రోజులు నడిచి ఆమె రాజధాని చేరింది. భద్రయ్య ఇంటి ముందు కావలివాడు అడ్డుపడ్డాడు. "అయ్యగారు విందుకు వెళ్లారు. రేపు రా."

మర్నాడు భద్రయ్య పల్లకిలో బయటికి వచ్చాడు. నాంచారి పల్లకి పట్టుకుని సంగతంతా చెప్పింది.

"అది నదీ పావన శాసనం అక్కా! పేరులోనే పుణ్యం ఉంది. ఎవరో నిన్ను ఆటపట్టించారు. నిశ్చింతగా వెళ్లు" అన్నాడు భద్రయ్య. పల్లకి కదిలిపోయింది.

ఆమె వెనక్కి వచ్చి చూస్తే గుంజలు రెట్టింపయ్యాయి.

శాసనం మీద వాదం జరిగే రోజున నాంచారి రెండోసారి రాజధానికి వెళ్లింది. సభను చూసే హక్కు ప్రజలందరికీ ఉంది. మెట్లెక్కి పై వసారాలో కూర్చుంది.

చూసిందేమిటి? నూరు ఆసనాల్లో నలభై ఖాళీ. కూర్చున్నవాళ్లలో కొందరు కునుకు తీస్తున్నారు. ఒకాయన నదిని పొగుడుతూ పద్యం చదివాడు. ఒకాయన ఆ పద్యాన్ని పొగిడాడు.

"శాసనం ప్రతులు అందరికీ అందాయి కనుక చదివినట్టే" అన్నాడు సభాపతి. "రేవునాడు సభ్యులు ఏమంటారు?"

భద్రయ్య లేచాడు. "పెద్దల మాటే నా మాట" అని కూర్చున్నాడు.

తాంబూలం నమిలినంత సేపట్లో వాదం ముగిసింది!

నాంచారి ఉండబట్టలేకపోయింది. "నీ మాట పెద్దలదెలా అవుతుంది? అది మా మాట! మేం నీతో పంపిన మాట!" అని పైనుంచి అరిచింది.

చూడవచ్చినవాళ్లు సభలో మాట్లాడకూడదు. భటులు ఆమెను బయటికి పంపేశారు. భద్రయ్య మొహం కందగడ్డలా చేసుకుని వెనకే వచ్చాడు.

"నూరుమందిలో నా పరువు తీశావక్కా!"

"పరువా? మా ఏరు పోతోంటే నీకు పరువు గుర్తొచ్చిందా? ఒక్కటి చెప్పు తమ్ముడూ. ఆ శాసనం నువ్వు చదివావా?"

భద్రయ్య నేల చూశాడు. "నలభై తాటాకులక్కా... గట్టి సంస్కృతం..."

"పాఠం చదవకుండా వస్తే మా పిల్లల చేత గోడకుర్చీ వేయించేవాడివే! నీకెవరు వేయించాలి? నాకు చదువు రాదు, నీకు వచ్చు. అందుకే నిన్ను పంపాం. మా ఊరి సంతకొచ్చి ఆ నలభై ఆకులూ చదువు."

దారిన పోయేవాళ్లు చుట్టూ మూగారు. భద్రయ్యకు తల తీసేసినట్టయింది. ఆకుల కట్ట చంకన పెట్టుకుని వెంట వచ్చాడు.

సంతరోజున పదకొండు ఊళ్ల జనం మధ్య నిలబడి అతను చదివాడు. ఏటిలో చెత్త వేయరాదు. పశువులను తాగే రేవులో కడగరాదు. ఇలా ఆరు నిబంధనలు. అందరూ బాగుందన్నారు.

ఏడోది రాగానే సంస్కృతంలోనే గబగబా చదివేశాడు.

"తెలుగులో చెప్పు" అంది నాంచారి.

"సంఘం ముద్ర లేని ఏ పడవా, ఏ పుట్టీ, ఏ వలా... నీళ్లలో దిగరాదు."

నెలలు నిండిన గర్భిణి ఒకతె అడిగింది: "అయితే మంత్రసాని ఇవతలికి ఎలా వస్తుంది, పంతులుగారూ?"

ఆమెకు అక్షరాలు దిద్దించింది అతనే. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

మూడో సమావేశం వచ్చింది. ఈసారి పై వసారా రేవునాడు జనంతో నిండిపోయింది. నాంచారి ముందు వరసలో కూర్చుంది.

"సమ్మతించేవారు చేతులెత్తండి" అన్నాడు సభాపతి.

భద్రయ్య లేచాడు. "ముందు ఏడో నిబంధన చదవాలి."

"అందరూ చదివినదే కదా!"

"అయితే అందులో ఏముందో ఒక్కరు చెప్పండి, కూర్చుంటాను."

నూరుమందిలో ఒక్కరూ నోరు మెదపలేదు. ఒకరిద్దరు దగ్గారు.

ఒక్క సభ్యుడు కోరినా చదివి తీరాలని రాజు ఆనాడే రాసిపెట్టాడు. లేఖకుడు చదివాడు. భద్రయ్య ఒక్కో మాటకూ తెలుగులో అర్థం చెప్పాడు. ఏటి ఒడ్డు నాడుల సభ్యులు ఉలిక్కిపడ్డారు.

"ఇందుకా మమ్మల్ని చేతులెత్తమన్నారు?"

"ఈ నిబంధన రాసిందెవరు?"

ఓడ వర్తకుల సంఘం పెట్టిన విందుల్లో తిన్నవాళ్లు పైకప్పు చూస్తూ కూర్చున్నారు.

ఏడో నిబంధన తీసేయాలని అరవై రెండు చేతులు లేచాయి. మిగిలిన ఆరూ శాసనమయ్యాయి.

బయటికి వచ్చాక భద్రయ్య నవ్వుతూ ఎదురొచ్చాడు. "చూశావా అక్కా, రేవును కాపాడాను!"

నాంచారి నవ్వలేదు.

"కాపాడలేదు తమ్ముడూ. ఇచ్చేయబోయావు, మేం పట్టుకుంటే ఆగావు. మేం రాని రోజున ఇంకెన్నింటికి చేయెత్తావో ఎవరికి తెలుసు?"

భద్రయ్య నవ్వు మాయమైంది. చేతులు జోడించాడు. "ఇకమీదట ప్రతి శాసనం ముందు సంతలో చదువుతాను. తర్వాతే సభలో చేయెత్తుతాను."

"చదువు. మేం వింటాం. చదవని రోజున మళ్లీ వస్తాం" అని నాంచారి ఊరి దారి పట్టింది.

అప్పటినుంచి రేవునాడు వాళ్లు వంతులు వేసుకుని, సభ జరిగినన్నాళ్లూ ఇద్దరిద్దరు చొప్పున పై వసారాలో కూర్చునేవారు. వాళ్లను చూసి మిగతా నాడులవాళ్లూ రాసాగారు. సభలో కునుకులు తగ్గాయి.

నీతి: చదవని శాసనానికి ఎత్తిన చెయ్యి, నమ్మి పంపిన జనం మీద ఎత్తిన చెయ్యే. ఎన్నుకుని ఊరుకున్న ప్రజలకు ఆ దెబ్బ తప్పదు.