కపిలి విషయంలో కొంగ తీర్పు

నేను కొంగను. నీళ్ళలో ఒంటికాలి మీద నిలబడి చేపల కోసం జపం చేసే రకం కాదు లెండి, పశువుల వీపులెక్కి పిడుదులు ఏరుకుతినే రకం. ఈ కథ ఎవరు చెప్పినా నక్కను నాలుగు తిట్లు తిట్టి ముగిస్తారు. నక్కంటే నాకూ ఒళ్ళు మంటే. కానీ ఇందులో నా పాపం కూడా ఉంది. అందుకే నా నోటితో నేనే చెబుతున్నాను.

సొనలవాగుకు ఇవతల గడ్డిబీడులో మా మంద ఉండేది. అవతల పులి. మందకు పెద్ద మూపన్న అనే ఆంబోతు. పులికీ మందకూ తాతలనాటి ఒప్పందం ఒకటుంది. పున్నమికో ఎదిగిన కోడెను వాగు దాటించాలి. పులి మిగతా మంద జోలికి రాదు, గుంపుగా వేటాడే అడవి రేసుకుక్కల్ని కూడా ఇటు రానివ్వదు. బాధే, కాదనను. అయినా ఆవులు ఏటా ఈనేవి. పోయిన కోడె చోట మరో దూడ తోక పైకెత్తి గంతులేసేది. మంద తరగలేదు.

అలాంటిది రెండేళ్ళు వరసగా వానలు ముఖం చాటేశాయి. గడ్డి మాడిపోయింది. కోడెల డొక్కలు ఎండిపోయి ఎముకలు బయటపడ్డాయి. అప్పుడొచ్చాడు గుంటయ్య. పులికీ మందకూ మధ్య కబుర్లు మోసే నక్క వాడు.

"మూపన్న మావా, దొరవారు మండిపడుతున్నారు. మొన్న మీరు పంపిన కోడెలో ఎముకలు తప్ప ఏమున్నాయి? ఇకమీదట పున్నమికి మూడు పంపమన్నారు."

"మూడా! అలాగైతే మా మంద ఏడాది తిరక్కుండానే ఖాళీ అయిపోదూ?"

"అందుకేగా నీ మీద అభిమానం కొద్దీ పరుగెత్తుకొచ్చాను! అసలు కోడెల్నెందుకు పంపడం? ఈ ఏడు ఈనని ఆవులున్నాయి చూడు. దూడ లేదు, పాలు లేవు. పాలు లేవు గనకే వాటి ఒంట్లో కాస్త కండ నిలిచింది. దొరవారికి కావలసింది అదే. ఒక్కటి పంపితే చాలు, నీ కోడెలు నీకే మిగులుతాయి."

చుట్టూ నిలబడ్డ కోడెలన్నీ తలలూపాయి. ఎందుకూపవు? గండం తప్పింది వాటి మెడలకే కదా.

ముసలావు బొల్లమ్మకు మాత్రం చిర్రెత్తుకొచ్చింది. "ఒరే మూపన్నా, నీ పుట్టుక చూసినదాన్ని, నా మాట విను. తిండి లేని ఏడు ఏ ఆవురా ఎదకొచ్చేది? ఒక్క వాన పడనీ. నెల్లాళ్ళు పచ్చిక మేయనీ. అన్నీ చూడి కడతాయి. అవి గొడ్డుమోతువి కావురా, ఆకలితో ఉన్నాయి, అంతే."

గుంటయ్య వెంటనే అందుకున్నాడు. "పెద్దమ్మ చెప్పిందీ సబబే. అందుకే అన్నిటినీ వద్దు, నిఖార్సుగా గొడ్డుమోతువేవో వాటినే పంపుదాం. అది తేల్చడానికి నేనెవర్ని, నువ్వెవరివి? మన కొంగక్క లేదూ! పొద్దస్తమానం వాటి వీపుల మీదే ఉంటుంది. ఏ ఆవు ఒంట్లో ఏముందో ఆమెకు తెలియంది ఏముంది!"

అంతే, నా మెడ బారెడు సాగింది. అప్పటిదాకా ఆ మందలో నన్ను "తిన్నావా" అని కూడా అడిగిన పాపాన పోలేదెవరూ.

మర్నాడు ఒక్కో వీపూ ఎక్కాను. ఇటు నాలుగడుగులు, అటు నాలుగడుగులు. డొక్కలో ముక్కుతో పొడిచాను. కళ్ళు మూసుకుని ఆలోచిస్తున్నట్టు నటించాను. నిజం చెప్పనా? నాకు పిడుదు ఎక్కడుందో తెలుసు, అంతకు మించి ఏమీ తెలియదు. అయినా ఏడు ఆవుల పేర్లు చెప్పాను. చివరి పేరు కపిలిది. అది తొలిచూలు ఎరగని పెయ్య. కాస్త నున్నగా కనబడింది. "ఒళ్ళు పడుతుందే గానీ దీని కడుపు పండదు," అన్నాను.

"ఆహా, ఏం చూపు కొంగక్కా!" అన్నాడు గుంటయ్య. మూపన్న కూడా తలూపాడు. ఆ రోజంతా నా కాళ్ళు నేల మీద నిలవలేదు.

ఆరు పున్నములు గడిచాయి. ఆరు ఆవులు వాగు దాటాయి. ప్రతిసారీ బొల్లమ్మ గట్టు దాకా వెళ్ళి, అవి కనుమరుగయ్యేదాకా నిలబడి వచ్చేది. నా వైపు చూసేది కాదు.

ఏడో పున్నమి ఇంకో వారం ఉందనగా కపిలి నన్ను పిలిచింది. "కొంగక్కా, నా డొక్కలో ఏదో కదులుతోందే."

"మేత లేక వాయువు పట్టి ఉంటుంది, ఊరుకో," అన్నాను.

అది పడుకుని నెమరు వేస్తుంటే దాని కుడి డొక్క మీద వాలాను. నా పాదాల కింద టక్కుమని తగిలింది. కాసేపాగి మళ్ళీ తగిలింది. లోపలి నుంచి ఎవరో చిన్న గిట్టతో తన్నినట్టు. అది చూడి పెయ్య!

ఆ క్షణమే ఎగిరి వెళ్ళి మూపన్నకు చెప్పాల్సింది. చెప్పలేదు. ఏం చూపు కొంగక్కా అన్న నోళ్ళు రేపు నన్నేమంటాయోనని బెంగ. రేపు చెబుదాంలే అనుకున్నాను. మర్నాడూ అదే అనుకున్నాను. ఛీ, తలచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

పున్నమి నాటి పొద్దున్న గుంటయ్య వచ్చి కపిలిని నడవమన్నాక, ఇక ఉండబట్టలేక మూపన్న ముందు వాలాను.

"మావా, పొరపాటైంది. కపిలి చూడిది. దూడ తన్నడం నా కాళ్ళకు తెలిసింది."

మూపన్న మెల్లగా అడిగాడు. "ఇది చూడిదైతే, నీ మాట మీద నేను పంపిన ఆ ఆరింటి సంగతేమిటి?"

నేను ముక్కు రెక్కలో దూర్చుకున్నాను.

"అవి గొడ్డుమోతువే," అన్నాడు మూపన్న, ముఖం పక్కకు తిప్పుకుని. "ఇదీ గొడ్డుమోతుదే. తీసుకెళ్ళు గుంటయ్యా."

బొల్లమ్మ అడ్డం వచ్చింది. "దాని బదులు నన్ను తీసుకెళ్ళరా, నీకు పుణ్యముంటుంది!"

"పళ్ళూడినదాన్ని దొరవారు ముట్టరు పెద్దమ్మా," అన్నాడు గుంటయ్య ఎంతో మర్యాదగా.

కపిలి మాత్రం నా వైపే చూస్తోంది. "నిజమా కొంగక్కా? నాకు దూడా?" అంది. దాని కళ్ళలో భయం కంటే ముందు సంతోషం కనబడింది. ఆ చూపు నన్ను ఇప్పటికీ వదల్లేదు. అలా నన్ను చూస్తూ చూస్తూనే వాగు దాటింది.

పన్నెండు రోజులకు వాన పడింది. మామూలు వాన కాదు, రెండేళ్ళ బాకీ అంతా ఒకేసారి తీర్చినట్టు కుండపోత. నెల తిరిగేసరికి గడ్డి మోకాలి ఎత్తు లేచింది. కోడెలు నిగనిగలాడాయి, కయ్యానికి కాలు దువ్వాయి. ఏం లాభం? కరువులో ఈనిన నాలుగు ఆవులూ దూడలకు పాలిచ్చి పాలిచ్చి, బక్కచిక్కి ఎప్పుడో రాలిపోయాయి. ఆ దూడలూ దక్కలేదు. అంత పచ్చిక మధ్యన మిగిలిన ఆడప్రాణి బొల్లమ్మ ఒక్కతే.

మూపన్న పొగరు దిగింది. గుంటయ్యను తనే పిలిపించాడు. "ఆవులు కావాలయ్యా. ఎక్కడైనా దొరుకుతాయా?"

"ఎందుకు దొరకవు మావా! కొండ అవతలి మందలో బోలెడున్నాయి. ఒక్కో ఆవుకు నాలుగు కోడెలు ఇవ్వాలి."

"నాలుగా! ఇదెక్కడి అన్యాయం?"

"వాళ్ళ కోడెలు కరువులోనే పోయాయి మావా. ఆవుల్ని మాత్రం కరువులోనూ కడుపులో పెట్టుకుని కాపాడుకున్నారు. ఇవాళ వాళ్ళు చెప్పిందే రేటు."

మూపన్న కోడెల వైపు చూశాడు. ఈసారి ఏ కోడే తలూపలేదు. ఊపకపోయినా నాలుగింటికి వెళ్ళక తప్పలేదు. అవి కొండదారి పట్టి పోతుంటే బొల్లమ్మ వాటి వెనక కూడా కాస్త దూరం నడిచి వెళ్ళింది.

నీతి అంటారా? కరువు ఏట కడుపు పండలేదని ఆవుల్ని వదులుకున్న మందకు, వానలొచ్చాక మిగిలేది గడ్డి మాత్రమే.