చిక్కుడుగింజ ఎటు పోయింది

అనగనగా ఒక ఊళ్ళో ఓ చిన్నకోడలు ఒకే ఒక్క అబద్ధం ఆడింది. ఆ సంగతి నలభై ఏళ్ళుగా ఎవరి చెవినా వెయ్యలేదు నేను, మీ తాతకి కూడా. పిల్లలూ, ఊ కొడతామంటే చెబుతాను.

ఆ చిన్నకోడలికి గారడీ అంటే పిచ్చి. సంతలో గారడీవాడు పైసా మాయం చెయ్యడం చూసి, ఇంటికొచ్చి తలుపేసుకుని, అద్దం ముందు కూర్చుని, చిక్కుడుగింజతో తనకి తనే నేర్చుకుంది. వేళ్ళ సందున గింజ దాగేది, అరచెయ్యి చాపితే ఖాళీ. అద్దం కూడా మోసపోయేది. కానీ నలుగురి ముందు కూర్చుందా, గొంతు మారిపోయేది. "రండి బాబూ రండి, చూడండి బాబూ చూడండి, ఈ చేతిలో ఏమీ లేదు" అని ఆ సంతవాడిలాగే అరిచేది. ఏమీ లేదని అరిస్తే ఎవరు నమ్ముతారే? పిల్లలంతా ఆ రెండో చెయ్యి తెరువు పిన్నీ అనేవారు. అత్తగారు మూతి తిప్పి, గింజ సంగతి తర్వాత, ముందు ఆ అంట్లు మాయం చెయ్యి అనేది.

ఊ కొడుతున్నారా? ఆ.

ఆ ఇంటి పెద్దకోడలూ, ఈవిడా చేటకి ఆ పక్కా ఈ పక్కా కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచేవారు. ఒకనాడు పెద్దకోడలు అంది:

"చెల్లీ, దాచిన చేతి వంక ముందు నువ్వే చూస్తున్నావు. నీ కళ్ళే నీ మీద చాడీలు చెబుతున్నాయి."

"మరెటు చూడను అక్కా?"

"ఇప్పుడెటు చూస్తున్నావు?"

"నీ వంక."

"కాయలు ఒలవడం ఆగిందా? సంతవాడి గొంతు సంతలో వదిలేసి, నాతో మాట్లాడినట్టే మాట్లాడు."

అంతే. ఇక అరుపుల్లేవు. కూరలో ఉప్పెక్కువైన సంగతి చెబుతూ, మధ్యలో "ఔనా అక్కా" అనేది. అందరూ అక్క వంక తిరిగేవారు. ఆ రెప్పపాటులో గింజ చేతిలోంచి చేటలోకి, చేటలోంచి చెంగులోకి, చెంగులోంచి చంటిదాని చెవి వెనక్కి. అత్తగారే నోరు వెళ్ళబెట్టింది.

తర్వాత మునసబు గారింట పెళ్ళి. విడిదిలో ఆడవాళ్ళందరి ముందూ చిన్నకోడలు గింజ మాయం చేసింది. మునసబు గారి భార్య బుగ్గ నొక్కుకుని, ఎవరు నేర్పారే అమ్మాయ్ అంది. పక్కనే పెద్దకోడలు మజ్జిగ చెంబు పట్టుకుని నిలబడి ఉంది. ఈవిడేమో, ఎవరూ నేర్పలేదండీ, అంతా నాకు నేనే నేర్చుకున్నాను అనేసింది.

పెద్దకోడలు అందరికీ మజ్జిగ పోసింది, ఈవిడక్కూడా పోసింది. మర్నాటి నుంచి మాత్రం చేటకి ఆ పక్కన కూర్చోలేదు. ఏడాది తిరక్కుండానే పెనిమిటికి మిల్లులో పని దొరికితే రాజాం వెళ్ళిపోయింది.

ఇక్కడ చేతులు ఆ చేతులే, గింజ ఆ గింజే. "ఔనా అక్కా" అంటే పలికేవాళ్ళు లేరు. కాయలు ఒలిచినప్పుడల్లా చేట అటు పక్కకి కాస్త జరిపి పెట్టుకునేది. ఆ తర్వాత అందరూ సుఖంగా ఉన్నారు.

ఊ కొట్టరేం? సుఖంగా లేరంటారా?

తన్వీ, నీ చెవి వెనక తడుముకో. ఆ, గింజే. ఎప్పుడు పెట్టానా? నువ్వు మీ చెల్లి వంక తిరిగావు చూడు, అప్పుడు. ఏమంటున్నావు? ఎవరు నేర్పారంటున్నావా?

అదుగో, మళ్ళీ అదే మాట అడిగారు నన్ను.

మా అక్క నేర్పింది. మా తోటికోడలు సూరీడమ్మ. చేతులు నావే, మాట తను నేర్పిందే. నేర్పినవాళ్ళ పేరు చెబితే విద్య ఏమీ తరిగిపోదర్రా, ఇది గుర్తుపెట్టుకోండి. తన నంబరు పప్పుల డబ్బా మూతకి లోపలివైపు అంటించి ఉంది. రోజూ మూత తీస్తాను, చూస్తాను, పెట్టేస్తాను.

ఈ కథ కంచి దాకా పోనక్కర్లేదు, రాజాం దాకా పోతే చాలు. రిషితా, ఆ మూత పట్టుకురా. తన్వీ, నువ్వు ఫోనిటియ్యి.