గుమ్మడికాయల వెనక పట్టపుటేనుగు

నమ్మలేనివాళ్ళెవరైనా ఉంటే ఇప్పుడే లేచి చెప్పులు తొడుక్కోండి. సగంలో లేచి "ఇది జరిగే పనేనా" అంటే మాత్రం ఊరుకునేది లేదు. జరిగింది. వెలుగుదుర్గంలో, కస్తూరి భూపాలుడి కొలువులో, నిండు సభలో జరిగింది.

ఆ కొలువులో నాంచారి అని ఒకావిడ అడపం మోసేది. అంటే రాజుగారికి తాంబూలం చుట్టి అందించే పని. ఈగ వచ్చి పళ్ళెం మీద వాలేలోపు పదహారు ఆకులు చుట్టేసేది. ఆమె తమ్ముడు ఓబుళప్ప ఆ నగరానికి కొత్వాలు. అతను వీధి మలుపులో దగ్గితే చాలు, పక్క రాజ్యంలో దొంగలు కూడా ఎత్తుకుపోయిన చెంబులు తోమి మరీ తెచ్చిచ్చేవాళ్ళు.

అలాంటి కొత్వాలును రాజుగారు ఒక బుధవారం పూట ఉన్నపళంగా పీకేశారు.

కారణం ఏనుగు. సంతరోజున కూరగాయల వీధిలో ఎవరైనా సరే వరసలోనే కదలాలని నగర శాసనం. రాజుగారి పట్టపుటేనుగు వరస తప్పి ముందుకు పోబోయింది. మామూలు ఏనుగు కాదది. దాని నెత్తిమీద కాకులు గూడు కట్టి, పిల్లల్ని పెంచి, వాటికి పెళ్ళిళ్ళు కూడా చేశాయి. అంతటి ఏనుగుకి ఓబుళప్ప చేతికర్ర అడ్డం పెట్టి, గుమ్మడికాయల బండి వెనక నిలబెట్టాడు. పైన అంబారీలో రాజుగారున్నారు. మూడు గడియలసేపు గుమ్మడికాయల్నే చూస్తూ కూర్చున్నారు. దిగీదిగగానే ఓబుళప్ప తలపాగా తీయించేశారు.

దాంతో సభ రెండు ముక్కలైంది. కుడివైపు కూర్చునే ప్రధాని దుగ్గరాజు మనుషులు, పీకడమే న్యాయమన్నారు. ఎడమవైపు కూర్చునే, సేనల్ని నడిపే దళవాయి ఎర్రపనాయుడి మనుషులు, ఘోరం జరిగిపోయిందన్నారు. ఆరు నెలల కిందట దళవాయి మేనల్లుణ్ణి ఓబుళప్ప కోడిపందెంలో పట్టుకున్నప్పుడు, అతన్ని పీకమని గొంతు చించుకున్నది ఈ ఎడమవైపే. అంతటి కొత్వాలు భూమ్మీద లేడని పొగిడింది ఈ కుడివైపే. ఇప్పుడు ఒకరి ఉపన్యాసం ఒకరు పుచ్చుకుని, దగ్గుతో సహా అప్పజెప్పారు. లోపలి సంగతి వేరే ఉంది. ఖాళీ అయిన పదవిలో దుగ్గరాజు తన బావమరిదిని, ఎర్రపనాయుడు ఆ మేనల్లుణ్ణే కూర్చోబెట్టాలని చూస్తున్నారు.

తొమ్మిది రోజులు అరిచారు. ఆ అరుపులకి కోట చుట్టూ ఆమడ దూరం పాలు కుండల్లోనే విరిగిపోయాయి.

పదో రోజున రాజుగారు చెవుల్లోంచి దూది తీసి తీర్పు చెప్పారు. మూడు రోజుల్లోగా ఈ రెండు వైపుల చేతా ఒకే మాట అనిపించి కొత్వాలు ఎవరో తేల్చినవాళ్ళకి కోరింది ఇస్తారట. తేలకపోతే ఇంత రభసకీ మూలమైన ఓబుళప్పను పెళ్ళాంబిడ్డలతో సహా ఏరు దాటించి రాజ్యం బయట వదిలేస్తారట.

నాంచారి చేతిలో ఆకు జారిపోయింది. తమ్ముడికి ఆరుగురు పిల్లలు. కడసారిది ఇంకా పాకుతోంది. పోనీ మా తమ్ముడు మంచివాడని చెబుదామంటే, అక్క కదా, అనక ఏం చేస్తుందని రెండు వైపులా నవ్వుతారు. అందుకని తమ్ముడి ఊసే ఎత్తలేదు.

"ప్రభూ, ఎవరు కావాలని అడిగితే ఏడాదైనా తేలదు. ఎవరు వద్దో అడగండి. మూడో రోజు మధ్యాహ్నంలోగా ఏ వైపువాళ్ళు ఎవరి పేరు వద్దని రాసిచ్చినా, ఆ మనిషి ఈ జన్మలో కొత్వాలు కాకూడదు."

దుగ్గరాజు దళవాయి మేనల్లుడి వంక చూశాడు. ఎర్రపనాయుడు ప్రధాని బావమరిది వంక చూశాడు. ఇద్దరి మొహాలూ వెలిగిపోయాయి.

"సమ్మతం," అన్నారు ఒక్కసారే.

పది రోజుల్లో సభ అన్న మొదటి ఒకే మాట అది. రాజుగారు ఆలస్యం చేయకుండా ఆ షరతు మీద రాజముద్ర వేయించేశారు.

ఇక రాతలు మొదలయ్యాయి. ముందు బావమరిది పోయాడు, మేనల్లుడు పోయాడు. అవతలివాళ్ళు ఇంకెవణ్ణి తెస్తారోనన్న భయంతో ఇవతలివాళ్ళు వీధులకి వీధులే రాసేశారు. తాటాకుల కోసం నరికీ నరికీ నూరు ఊళ్ళలో తాటిచెట్లు బోడిగుండ్లయ్యాయి. ఉయ్యాల్లో మగపిల్లల్ని రాశారు. పుట్టబోయేవాళ్ళని రాశారు. లేచి వస్తారేమోనని చచ్చిపోయినవాళ్ళని కూడా రాశారు.

మూడో రోజు పొద్దున నాంచారి తాంబూలం పళ్ళెంతో దుగ్గరాజు ముందు నిలబడి, దిగులు మొహం పెట్టింది.

"అయ్యగారూ, మా తమ్ముడి పేరు కూడా రాయిస్తున్నారా?"

దుగ్గరాజు మీసం దువ్వాడు. "పీకేసినవాడి పేరు మళ్ళీ రాయిస్తే, పీకింది చాలలేదు కాబోలని ఎడమవాళ్ళు పళ్ళికిలించరూ? వెళ్ళు వెళ్ళు, నీ ఆకులు నువ్వు చూసుకో."

ఆమె తలొంచుకుని వెళ్ళి తన ఆకులు తను చూసుకుంది.

మధ్యాహ్నానికి నలభై బండ్ల తాటాకులు సభకొచ్చాయి. చదివేవాళ్ళకి గొంతులు పోయి, చివరి బండి సైగలతో చదివారు. అందులో ఒక పేరు దగ్గర రాజుగారు ఉలిక్కిపడ్డారు. ప్రధాని పొగిడి పొగిడి రాజుగారినే కొత్వాలుగా ఒప్పిస్తాడేమోనని ఎడమవాళ్ళు ఆయన పేరు కూడా రాసేశారు.

"నేనూ పోయాను," అన్నారు రాజుగారు. "ఇక ఈ ఊళ్ళో మిగిలిందెవరు?"

నాంచారి తమలపాకు ఈనె తీస్తూనే జవాబు చెప్పింది.

"ఒక్కడున్నాడు ప్రభూ. పీకేశాం కదా అని కుడివాళ్ళు రాయలేదు. వెనకేసుకొస్తున్నాం కదా అని ఎడమవాళ్ళు రాయలేదు. మా ఓబుళప్ప."

దుగ్గరాజు గంటం అందుకోబోయాడు. గడువు దాటిందన్నట్టు రాజుగారు రాజముద్ర వైపు వేలు చూపించారు. గంటం కింద పడింది.

రాజుగారికి మాత్రం ఇంకా లోపల ముల్లు గుచ్చుకుంటూనే ఉంది. "సరే, కోరిక కోరుకో నాంచారీ. కానీ మీవాడు నన్ను మళ్ళీ గుమ్మడికాయల వెనక నిలబెడితే?"

"నా కోరికే అది ప్రభూ. ఈ బుధవారం కూడా నిలబెట్టాలి."

రాజుగారు నవ్వడం మొదలుపెట్టారు. కిరీటం ఊడి మెట్లమీద దొర్లింది. పట్టుకోబోయి ప్రధానీ దళవాయీ తలలు ఢీకొట్టుకున్నారు. సభంతా ఘొల్లుమంది. ఆ నవ్వులకి, ఆమడ దూరంలో విరిగిన పాలన్నీ మళ్ళీ కలిసిపోయాయి. ఓబుళప్ప తలకి రాజుగారే తలపాగా చుట్టారు.

ఆ బుధవారం పట్టపుటేనుగు గుమ్మడికాయల బండి వెనక బుద్ధిగా నిలబడింది. సాక్ష్యం కావాలా? ఆ పూట దాని మెడమీద కూర్చున్న మావటి ఉన్నాడు, కనుక్కోండి. పేరు కరిబసప్ప.