రాతిదీవి తల్లులు

ఉత్తరాన చలి సముద్రంలో, ఒక రాతిదీవి మీద పూర్వం చిన్న మఠం ఉండేది. అందులో ఓరన్ అనే శిష్యుడికి తమ్ముడి మీద కోపం వచ్చింది.

ఇద్దరూ ఒకే రోజున మఠంలో చేరారు. ఒకే గదిలో పడుకునేవారు. ఓరన్ రోజూ ఏడు పూటల ప్రార్థనల్లో ఒక్కటీ తప్పేవాడు కాదు. తమ్ముడు డెక్లన్ మాత్రం నెలకోసారి నాలుగు రొట్టెలు సంచిలో వేసుకుని, మనిషన్నవాడు లేని ఓ తిప్పకి పడవ వేసుకుని పోయేవాడు. ఐదారు రోజులు నోరు విప్పకుండా అక్కడ కూర్చుని వచ్చేవాడు. ఏం చేశావురా అని అడిగితే, ఊరికే ఉన్నాను అన్నయ్యా అనేవాడు.

ఈసారి వాడు వెళ్ళి ఐదు రోజులైంది. ఓరన్ ఇక పట్టలేక గురువు ఫిన్యన్ దగ్గరికి వెళ్ళాడు. వాణ్ణి ఇంటికి పంపెయ్యమన్నాడు. లేదంటే తానే వెళ్ళిపోతానన్నాడు.

ముసలి గురువు అంతా విన్నాడు. చేతికర్ర అందుకుని, "రా, సీల్ జంతువులు ఈనాయి, చూసొద్దాం" అన్నాడు.

ఒడ్డంతా పొగమంచు. అలల చప్పుడు దూది చుట్టినట్టు మెత్తగా వినిపిస్తోంది. ఆ తెల్లదనంలో తల్లి సీల్‌లు వందలుగా పడుకుని, పాటలాంటి గొంతుతో మూలుగుతున్నాయి. తాను నడుస్తున్నాడో కలగంటున్నాడో ఓరన్‌కి తెలియలేదు.

గురువు వంగి, రాళ్ళ మధ్య రెండు చోట్ల వాటి పెంట ఏరి, నీటిగుంటలో కడిగాడు. మిగిలినవి ఓరన్ అరచేతిలో పెట్టాడు. కాసిని పీత పెంకులు. చిలక ముక్కులా వంగిన నల్లటి గట్టి ముక్కు ఒకటి.

"పీతలు ఒడ్డు దగ్గరే దొరుకుతాయి. ఈ ముక్కు స్క్విడ్‌ది, పది చేతుల మెత్తటి జీవి; వెలుతురు చేరని లోతులో బతుకుతుంది. దానికోసం పోయిన తల్లి ఐదారు రోజులకి గానీ తిరిగిరాదు."

ఆ తల్లి సీల్‌లు రెండు జాతులని గురువు చెబితే గానీ ఓరన్‌కి తెలియలేదు. కొన్నింటి మూతి కాస్త పొడుగు, అంతే. ఈనడానికి మాత్రం రెండింటికీ ఈ ఒడ్డే.

"వీటిలో మంచి తల్లి ఏది గురువుగారూ?"

గురువు కర్రతో చూపించాడు. పొడుగు మూతి పిల్ల ఒకటీ, పొట్టి మూతి పిల్ల ఒకటీ ఒకదాని మీద ఒకటి తలపెట్టి నిద్రపోతున్నాయి. రెండింటి పొట్టలూ గుండ్రంగా ఉన్నాయి.

"వాటిని అడుగు" అని, కర్ర ఊనుకుంటూ మఠం వైపు వెళ్ళిపోయాడు.

ఓరన్ తడిరాతి మీద కూర్చుండిపోయాడు. మంచులో ఎక్కడో తెడ్ల చప్పుడైంది. అతను లేచి, నడుములోతు నీళ్ళలోకి దిగి, తమ్ముడి పడవ తాడు అందుకున్నాడు.