గోడ మీద రాసిన పాస్‌వర్డ్

లింగమూర్తి రెండేళ్లు కూర్చుని మూడు వందల తత్వాలు కంప్యూటర్లో టైపు చేశాడు. అవి తన గురువు సుంకమ్మకు ఆమె గురువు నేర్పిన పాటలు. ఎమ్మిగనూరు దగ్గరి ఆమె చిన్న ఆశ్రమంలో, చెదలు పట్టిన నోటుపుస్తకాల్లో తప్ప ఇన్ని పాటలు ఇంకెక్కడా లేవు.

పని పూర్తయ్యాక ఆ ఫైలుకు పదహారు అక్షరాల పాస్‌వర్డ్ పెట్టాడు. దానికి కారణం ఉంది. సుంకమ్మతో పాటే ఆ పెద్దగురువు దగ్గర పదేళ్లు ఉన్న బసప్ప, కొన్ని తత్వాలు ఎత్తుకుపోయి తన పేరుతో పుస్తకం వేసుకున్నాడు.

సుంకమ్మకు డెబ్బై ఎనిమిదేళ్లు. రెండు కళ్లకూ ఆపరేషన్ అయింది. ఆమె కోసం లింగమూర్తి ఒక ఈ-రీడర్ తెచ్చాడు. దాని వెలుగు కళ్లలో గుచ్చుకోదు. కాగితం చదివినట్టే ఉంటుంది. అక్షరాలు ఎంత కావాలంటే అంత పెద్దవి చేసుకోవచ్చు.

"మన తత్వాలన్నీ ఇందులో ఉన్నాయమ్మా. మీరూ నేనూ తప్ప ఇంకెవరూ తెరవలేరు," అన్నాడు.

దగ్గర్లో ఎవరూ లేరని చూసుకుని పాస్‌వర్డ్ ఆమె చెవిలో చెప్పాడు.

సుంకమ్మ నవ్వింది. "ఇన్నేండ్లూ మీ చెవుల్లో మంత్రం నేను చెప్పినా. ఈరోజు నా చెవిలో నువ్వు చెప్తివి. మంచిదే నాయనా."

నెల తర్వాత లింగమూర్తి మళ్లీ వచ్చాడు. గడప దాటగానే కాళ్లు ఆగిపోయాయి.

ఎదురు గోడ మీద సుద్దముక్కతో, జానెడు జానెడు అక్షరాల్లో, పాస్‌వర్డ్ రాసి ఉంది. ఒక్క అక్షరం కూడా పోలేదు. దాని కింద చాప పరుచుకుని నలుగురు ఆడవాళ్లు కూర్చున్నారు. పత్తిచేను కూలికి పోయి వచ్చిన లక్ష్మక్క ఈ-రీడర్ ఒళ్లో పెట్టుకుని కూడబలుక్కుంటూ చదువుతోంది. మిగతావాళ్లు అందుకుని పాడుతున్నారు.

"ఎవరమ్మా ఇది రాసింది?"

"నేనే. చెవిలో చెప్పింది నాకు నిలవదు. కాగితం మీద రాసుకుంటే కండ్లకు ఆనదు. గోడ మీదైతే కనపడుతుంది."

"అందరికీ కనపడుతుందమ్మా!"

"అవును. అందరికీ కనపడుతుంది."

లింగమూర్తికి ఒళ్లు మండింది. "రేపు ఆ బసప్ప వస్తే?"

"వచ్చినాడు. పోయిన అమావాస్యకి."

"చదివాడా?"

"రెండు రోజులు చదివినాడు. వానికీ చూపు తగ్గింది పాపం. నేనే అక్షరాలు పెద్దవి చేసిచ్చినా."

"వాడు దొంగ కదమ్మా!"

సుంకమ్మ కాదనలేదు. బొడ్డులో దోపుకున్న కాగితం తీసి అతని చేతికిచ్చింది.

బసప్ప చేతిరాత. పాత నోటుపుస్తకాల్లో కొన్ని పేజీలు ఆ రాతే; లింగమూర్తి దాన్ని ఎక్కడైనా గుర్తుపడతాడు. మూడు తత్వాలకు చివరి చరణాలు రాసి ఉన్నాయి. నోటుపుస్తకాల్లో చెదలు తినేసిన చరణాలవి. సుంకమ్మకూ గుర్తు రాకపోతే, టైపు చేసేటప్పుడు అక్కడ చుక్కలు పెట్టి వదిలేశాడు.

ఒకసారి చదివాడు. మళ్లీ నెమ్మదిగా, లోలోపల పాడుకుంటూ చదివాడు. మాట ఎక్కడా తడబడలేదు. తాళం ఎక్కడా తప్పలేదు. అది పెద్దగురువు పాటే. ఇంకెవరూ అట్లా కట్టలేరు.

"ఆయన నోట విన్నాడంట. మరవకుండా దాచి పెట్టుకున్నాడు," అంది సుంకమ్మ.

లింగమూర్తి సంచిలోంచి లాప్‌టాప్ తీసి గోడ వారగా కూర్చున్నాడు. చుక్కలు చెరిపి చరణాలు ఎక్కించాడు. ఫైలుకు పెట్టిన పాస్‌వర్డ్ తీసేశాడు. లక్ష్మక్కను అడిగి ఈ-రీడర్ తీసుకుని, కొత్త ఫైలు అందులో వేసి గురువు ముందు పెట్టాడు.

సుంకమ్మ వేలితో తాకింది. పాస్‌వర్డ్ అడక్కుండానే పాట వచ్చింది, పెద్ద పెద్ద అక్షరాలతో. ఆమె కళ్లు చికిలించకుండా మొదటి పాట చివరిదాకా చదువుకుంది.

"సుఖంగా ఉంది నాయనా."

లింగమూర్తి తడిగుడ్డ తెచ్చి గోడ దగ్గర నిలబడ్డాడు. "ఇది తుడిచెయ్యనా అమ్మా?"

"లక్ష్మక్క తుడుస్తుందిలే. నువ్వు పోయి బసప్పను పిల్చుకొని రా. వాని దగ్గర మన పాటలు ఇంకా ఉండాయి."